శుద్ధానంద లాడ్జిలో దొరబాబు

నాంపల్లి స్టేషన్ ఎదుటి సందులో, శుద్ధానంద లాడ్జి కౌంటరు వెనక కూర్చున్న వామన్‌రావు ఉన్నట్టుండి ముక్కు చిట్లించాడంటే, వికారాబాద్ దాటిన రైల్లో ఎవరో కోడిగుడ్డు ఒలుస్తున్నారని అర్థం. సరే, వికారాబాద్ అంటే కొంచెం ఎక్కువైంది. బేగంపేట అనుకుందాం. అదీ గాలి ఇటు తిరిగిన రోజుల్లో. మరీ గుచ్చి గుచ్చి అడిగితే, రైలు ప్లాట్‌ఫాం మీదికి వచ్చి ఆగాక అని ఒప్పుకోవచ్చు. అంతకంటే ఒక్క గజం కూడా తగ్గించేది లేదు.

శుద్ధానంద లాడ్జి శుద్ధ శాకాహారులది. గుమ్మం పైన మూడు భాషల్లో బోర్డు ఉంది. మాంసం, చేప, గుడ్డు, మద్యం లోపలికి తేరాదు. ఉస్మాన్‌గంజ్‌లో సరుకు కొనడానికి వచ్చే వ్యాపారులు, కోర్టు వాయిదాలకు వచ్చేవాళ్లు, పరీక్షలు రాయడానికి వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడే దిగుతున్నారు. బోర్డును నమ్మి కాదు, వామన్‌రావును నమ్మి.

ఆయన ఎవరి పెట్టే తెరవమనడు. అది మర్యాద కాదు. ఎడమ ముక్కు వేలితో మూసి, కుడి ముక్కుతో ఒక్కసారి పీల్చి, తిరగని సీలింగు ఫ్యాను వైపు కాసేపు చూసి తీర్పు చెబుతాడు. "కింది అరల, తువాలల సుట్టి పెట్టినవ్. కోడికూర. నిన్నటిది." పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టని మనిషికి అది నిన్నటిదో మొన్నటిదో ఎలా తెలుసని ఎవరైనా అడిగితే, "దొంగలను పట్టాల్నంటే పోలీసాయన దొంగతనం జేసి నేర్చుకోవాల్నా?" అంటాడు. ఒకసారి సుల్తాన్ బజార్‌లో బట్టలు కొనడానికి వచ్చిన పెళ్లివారిని ఈ కౌంటరు దగ్గరే నిలబెట్టి, పెళ్లికొడుకు జేబులో శీఖ్ కబాబు ఉందని చెప్పేశాడు. ఆ పెళ్లి ఆగిపోయిందని కొందరంటారు. ఆగలేదు. పెళ్లికూతురు తల్లి ఆ కబాబు ఏ దుకాణంలో దొరుకుతుందో అల్లుడిని పక్కకు పిలిచి అడిగింది, అంతే.

వయసు మీదపడుతున్న కొద్దీ వామన్‌రావు పనులన్నీ ఒక్కొక్కటే చేజారాయి. గదులు ఫోన్లోనే బుక్కవుతున్నాయి. తాళంచెవుల బదులు కార్డులు వచ్చాయి. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరు ఎవరితో పోయారో కెమెరా చూసుకుంటోంది. ఇవన్నీ తెచ్చిపెట్టినవాడు జితేందర్. లాడ్జి యజమానురాలు విద్యావతమ్మకు చెల్లెలి కొడుకు, ఆబిడ్స్‌లో సెల్‌ఫోన్ల దుకాణం. కౌంటరు మీద ఒక ట్యాబ్లెట్ పెడితే వామన్‌రావు అక్కర్లేదని వాడి లెక్క. ఆ మాట ఎత్తినప్పుడల్లా వామన్‌రావు విద్యావతమ్మతో ఒక్కటే అంటాడు. "కెమెరాకు ముక్కున్నదా అమ్మా?" బషీర్‌బాగ్ నుంచి బేస్తవారం బేస్తవారం పూజకు వచ్చే విద్యావతమ్మ తల ఊపుతుంది. అంతటితో ఆ వారం నౌకరీ నిలబడుతుంది.

ఇంతకీ సంగతేమిటంటే, ఆ ముక్కు ఎప్పుడో పోయింది. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గింది. తగ్గిన మర్నాడు కౌంటరు ముందు సాంబ్రాణి పొగ కళ్లను మండించింది గాని ముక్కుకు ఏమీ చెప్పలేదు. దవాఖానకు పోతే నలుగురికీ తెలుస్తుందని పోలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. మాడిపోయిన పప్పును మెచ్చుకుంటూ తింటున్నాడేమిటని భార్యకు అనుమానం వచ్చి, రిటైరయ్యే వయసుకు మనిషి మారాడని సంతోషపడింది.

అప్పటి నుంచి వామన్‌రావు ముక్కుతో కాకుండా కళ్లతో వాసన చూస్తున్నాడు. మాంసం తెచ్చినవాడు సంచిని కౌంటరుకు దూరంగా పట్టుకుంటాడు. గుడ్లు తెచ్చినవాడు మెల్లగా దింపుతాడు. సీసా తెచ్చినవాడు అవసరం లేకపోయినా నవ్వుతాడు. ముఖం చూసి తీర్పు చెబితే పదింట ఏడెనిమిది నిలిచాయి. మిగిలినవాళ్లు అవమానపడి వెళ్లిపోయారే తప్ప, ఆ ముక్కును ఎదిరించిన మొనగాడు లేడు.

అలాంటి రోజుల్లో, ఒక సోమవారం పొద్దున్న హైందవి వచ్చింది. కాకినాడ పిల్ల. ముంబైలో కొత్త ఉద్యోగం. వెంట దూడంత కుక్క. కుక్క పేరు దొరబాబు. దొరబాబు వెంట ఒక నీలంరంగు ఐసుపెట్టె, దాన్ని ఇద్దరు మోసుకొచ్చారు. రైలు ఫస్ట్ ఏసీలో ఒక చిన్న గది మొత్తం దొరికితేనే కుక్కను ఎక్కనిస్తారట. ఆ పూట దొరకలేదు. దొరికేదాకా ఇక్కడ ఉండాలి. బోర్డులో కుక్కల ఊసు లేదు. అది రాయించిన రోజుల్లో లాడ్జికి కుక్కను వెంటబెట్టుకొచ్చే మనిషి పుడతాడని ఎవరూ అనుకోలేదు.

"లొల్లి జేస్తదా బిడ్డా?" అన్నాడు వామన్‌రావు.

"చెయ్యడండీ. చాలా పద్ధతైనవాడు. బయటి తిండి అసలు ముట్టడు."

"గంత నిష్ఠనా! మా మామ గట్లనే ఉంటుండె. మరి గా పెట్టెల ఏమున్నది?"

హైందవి నిజమే చెప్పబోయింది. "అదండీ, మావాడి..."

"చెప్పకు! చెప్పకు బిడ్డా. నువ్వు చెప్తే ఇగ నేనెందుకు?"

ఎడమ ముక్కు మూశాడు. పీల్చాడు. ఫ్యాను వైపు చూస్తున్నట్టు చూస్తూ పిల్ల ముఖం చూశాడు. ఆ ముఖంలో భయం లేదు. దాచుకోవాలనుకుంటే కదా భయం.

"మామిడికాయ తొక్కు," అన్నాడు. "కొత్తది. ఆవపిండి జర ఎక్కువ పడ్డది."

ఆ పెట్టెలో మేక కార్జం, మేక గుండె, కోడి మెడలు, ఎముకలు కొట్టిన తునకలు, అన్నీ పచ్చివి, పూటకొక పొట్లం చొప్పున గడ్డకట్టించి ఉన్నాయి. హైందవి పెట్టెను చూసింది, ఆయన్ను చూసింది. "అవునండీ," అంది.

పెట్టెను పైకి మోస్తుంటే మెట్ల మీద ఎర్రటి చుక్కలు పడ్డాయి. అప్పుడే కెమెరా తుడవడానికి నిచ్చెన ఎక్కిన జితేందర్ పైనుంచి అంతా చూశాడు.

"ఏంది అంకుల్, తొక్కు కారుతున్నది?"

"నూనె బిడ్డా. కారం నూనె."

జితేందర్ అప్పుడే పెట్టె తెరిపించి ఉండవచ్చు. కాని ఒక్కడే చూస్తుండగా గెలిస్తే వాడికి గెలిచినట్టుండదు. నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, "బేస్తారం పెద్దమ్మ వస్తది కదా. నీ ముక్కుకు చిన్న పరీక్ష పెడదాం," అన్నాడు. "లాడ్జిల యాడనో ఒక కాడ ఒక పొట్లం దాస్తా. పట్టుకున్నవనుకో, ట్యాబ్లెట్ మాట మళ్ల ఎత్త. పట్టుకోలేదనుకో..."

"పట్టుకోకుంటే?"

"ఇంట్ల కూసొని పప్పు తిను. బాగ జేస్తదంట కదా ఆంటీ."

ఆ రోజంతా వామన్‌రావుకు కుర్చీ కుదురుగా లేదు. మర్నాడు, ఎవరికీ కనబడకుండా కాసేపు కూర్చుందామని వెనకాల దుప్పట్లు ఆరేసే దొడ్లోకి పోయాడు. అక్కడ బండ మీద హైందవి చేతులకు తొడుగులు వేసుకుని, చిన్న తరాజు ముందు పెట్టుకుని, దొరబాబుకు భోజనం తూస్తోంది. పక్కనే తను సగం కొరికి పెట్టిన బన్ను ఉంది. స్టేషన్ బండి మీద కొన్నది. పెట్టెలో ఐసు కరిగి నీళ్లయిపోయింది.

వామన్‌రావు ఆమె పక్కనే చతికిలబడి, "తూకం దేనికి బిడ్డా?" అన్నాడు. తర్వాత తరాజు వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు. "అయ్యో భగవంతుడా! మాంసం!"

"మీరే కదండీ మామిడికాయ పచ్చడన్నారు?"

దొరబాబు కోడి మెడను పటుక్కున కొరికింది.

"బాబాయ్ గారూ," అంది హైందవి మెల్లగా. "ఇది నిన్నటి నుంచి కరిగిపోతోంది. అలవాటున్న నాకే ముక్కు పగిలిపోతోంది. మీరు దీని పక్కనే కూర్చున్నారు. మీకు వాసన రావట్లేదు కదూ?"

"జోరుగ అనకు, ఎవలన్న ఇంటరు," అన్నాడు వామన్‌రావు.

ముందు పిల్లను పెట్టే బేడాతో బయటికి పంపిద్దామనుకున్నాడు. ఆ మాటే అన్నాడు కూడా. హైందవి తొడుగులు తీసి మడిచింది.

"పంపించండి. ఎందుకు పంపారని మీ యజమానురాలు అడుగుతారు. మాంసం తెచ్చిందంటారు. సోమవారం ఎందుకు పట్టుకోలేదని అడుగుతారు. అప్పుడేం చెబుతారండీ?"

కాకినాడ వాళ్లతో మాట్లాడేటప్పుడు ముందే కూర్చుని ఆలోచించుకోవాల్సింది.

"మరి గిప్పుడేం జేద్దామంటవ్?"

"మీ ఫ్రిజ్‌లో కొంచెం చోటివ్వండి చాలు. ప్రయాణంలో లెక్క తప్పకూడదండీ. కండ ఇంత, ఎముక ఇంత, కార్జం ఇంత. వండింది ఒక్క ముక్క తిన్నా మావాడి పొట్ట తట్టుకోదు. తోడేళ్ల వంశం కదా."

"తోడేలుకు ఫస్ట్ ఏసీ టికెట్ ఎవలు తీసిన్రు?"

హైందవికి నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఈ విషయంలో ఆమె నవ్వదు. ఆరోగ్యం, ప్రకృతి, పూర్వీకులు అంటూ చెప్పుకుపోయింది. దొరబాబు పూర్వీకుల గురించి ఆమెకు తెలిసినంత తన పూర్వీకుల గురించి తెలియదని వామన్‌రావుకు అర్థమైంది. మొత్తానికి బేరం కుదిరింది. పెరుగు గిన్నెల వెనక, షుగరున్న బసదారుల సూదిమందులు పెట్టే అరలోకి దొరబాబు పొట్లాలు చేరాయి. పైన వామన్‌రావు చేతిరాతతో ఒక చీటీ అతికింది. 'మందు. ముట్టరాదు.' బోర్డు కింద ఇన్నేళ్లు కూర్చున్న మనిషి తన చేత్తో ఆ తలుపు మూసి, గట్టిగా పట్టిందో లేదో మరోసారి నెట్టి చూశాడు.

వెళ్తూ వెళ్తూ హైందవి ఒక మాట అంది. "మావాడి ముక్కు మాత్రం బంగారమండీ. నిన్నటి నుంచి ఆ మూల గది దగ్గరికి రాగానే కాళ్లు పాతేస్తున్నాడు. లోపల ఎవరున్నారు?"

"తాతారావు గారు. నిష్ఠగల మనిషి," అని, వామన్‌రావు దొరబాబు వైపు తిరిగాడు. ఆ ముక్కును కాసేపు అలాగే చూశాడు. నల్లగా, తడిగా, క్షణం తీరిక లేకుండా ఆడుతోంది.

బేస్తవారం విద్యావతమ్మ వచ్చింది. పూజ అయింది. హైందవి రైల్వే వాళ్లను బతిమాలడానికి స్టేషన్‌కు పోయింది. వామన్‌రావు దొరబాబు తాడు చేతికి చుట్టుకుని నిలబడ్డాడు.

"గా కుక్కెందుకు?" అన్నాడు జితేందర్.

"పిల్ల అప్పజెప్పి పోయింది. ఒక్కదాన్ని ఇడిస్తే అరుస్తది. నా ఎన్క ఎన్క వస్తది, ఫికర్ జెయ్యకు."

దొరబాబు ఆయన్ను ముందుండి లాక్కుపోయింది. వెనక విద్యావతమ్మ, ఆమె వెనక జితేందర్. వామన్‌రావు ఒక కన్ను దొరబాబు తోక మీద, ఒక కన్ను పైకప్పు మీద పెట్టి నడిచాడు. మూల గది దగ్గర తోక కర్రలా బిగిసింది. తాతారావు సముద్రం ఒడ్డు మనిషని గుర్తొచ్చింది. అంతే, ఎడమ ముక్కు మూశాడు. "గీ రూంల ఏదో ఉన్నది. నీళ్లల్ల పుట్టినది."

తలుపు తెరిస్తే తాతారావు మంచం కింద రొయ్యల పచ్చడి జాడీ. ఉస్మాన్‌గంజ్‌కు సరుకుకు వచ్చే మిర్చి వ్యాపారి, ఈ లాడ్జిలో అందరికంటే పాత కాపు, నుదుటి మీద నిలువు బొట్టు.

"మా వియ్యపురాలు పొరపాటున పెట్టిందండీ," అన్నాడు తాతారావు.

"సగం తిన్నది గుడ ఆమెనేనా?" అన్నాడు వామన్‌రావు.

తర్వాతి గదిలో కోచింగ్ సెంటరు మాస్టారు అంజన్. తలగడ కింద ఉడకబెట్టిన గుడ్లు. "ఇది గుడ్డు కాదు సార్, ప్రోటీన్," అన్నాడు. ఇలా ఒక్కొక్క తలుపూ తెరుచుకుంటూ పోతుంటే, శుద్ధానంద లాడ్జిలో నిజంగా శాకం తినేది ఫ్రిజ్‌లో మాంసం దాచిన వామన్‌రావు ఒక్కడేనేమో అనిపించింది. విద్యావతమ్మ ముఖం ఎర్రబడుతోంది. వామన్‌రావు గుండె మాత్రం ఇన్నాళ్లకు కుదుటపడుతోంది.

మేడమీద దుప్పట్ల అలమారా దగ్గర దొరబాబు ఆగలేదు, దూకింది. చినిగిన పొట్లంలోంచి ఎర్రటి కబాబు కొస కనబడింది. "శీఖ్ కబాబ్! తెల్ల దుప్పట్ల నడుమ!" అని వామన్‌రావు అరిచేలోపల, పొట్లం బయటికొచ్చింది, కాగితంతో సహా లోపలికిపోయింది. వండినది, మసాలా దట్టించినది, ఎర్రగా కాల్చినది. తోడేళ్ల వంశం మూతి నాక్కుని ఇంకేమైనా ఉందా అన్నట్టు అలమారాలో వెతికింది.

"పెట్టింది ఎవలు?" అంది విద్యావతమ్మ.

"నేనే పెద్దమ్మా. పరీక్షకు..."

"దేవుని కింద పరిచే దుప్పట్లల్ల కబాబులు పెడ్తవా? ఆబిడ్స్‌ల నీకు జాగ దొరకలేదా?"

జితేందర్ వీపు గోడకు ఆనింది. అప్పుడు వాడికి కనిపించాల్సింది కనిపించింది. "పెద్దమ్మా, పట్టింది ఈయన గాదు, కుక్క! కుక్క యాడ ఆగితే ఆడ ఆగుతున్నడు. ఈయన ముక్కుల ఏం లేదు. సూడు, కావాల్నంటే సూడు, గిప్పుడు గుడ..."

వామన్‌రావు చూశాడు. దొరబాబు అలమారా వదిలేసి విద్యావతమ్మ ముందుకొచ్చి కూర్చుంది. తోక కర్రలా బిగిసింది. ముక్కు ఆమె తోలుసంచికి ఆనించింది.

ఆ సంచిలో, కుంకుమ భరిణె పక్కన, మోకాళ్ల నొప్పులకు డాక్టరు రాసిచ్చిన చేపనూనె గోలీల సీసా ఉంది. అది వామన్‌రావుకు తెలియదు. ఆయనకు తెలిసింది ఒక్కటే. విద్యావతమ్మ వేళ్లు సంచి మూతిని గట్టిగా పట్టుకున్నాయి, సంచి మెల్లగా వీపు వెనక్కి పోయింది.

ఎడమ ముక్కు మూశాడు. పీల్చాడు. పైకి చూశాడు. మేడమీద ఫ్యాను కూడా లేదు, అయినా చాలాసేపు చూశాడు.

"కర్పూరం," అన్నాడు. "హారతి కర్పూరం. అసలైనది."

"అబద్ధం!" అన్నాడు జితేందర్. "కుక్క గట్ల ఊకె కూసుంటదా?"

విద్యావతమ్మ చెల్లెలి కొడుకు వైపు తిరిగింది. "జితేందర్, కుక్క ముక్కు ఖరే అయితే నా సంచిల ఇంకేదో ఉన్నట్టు. వామన్‌రావు గారి ముక్కు ఖరే అయితే కర్పూరం ఉన్నట్టు. నువ్వు చదువుకున్నోనివి. ఏది ఖరే, ఏది అబద్ధం?"

జితేందర్ కుక్కను చూశాడు, సంచిని చూశాడు, రేపో మాపో తన పేర రాయించుకోవాలనుకున్న లాడ్జి గోడలను చూశాడు.

"కర్పూరమే పెద్దమ్మా."

"ఔ కదా. మిషన్లు గిషన్లు ఏం వద్దు. గీ ముక్కు ఉన్నన్ని రోజులు గీ కౌంటరు ఆయనదే," అంది విద్యావతమ్మ. మెట్లు దిగుతూ ఆగి, వామన్‌రావుకు మాత్రమే వినబడేలా, "మోకాళ్లు గుంజుతున్నయండీ, ఏం జేస్తం," అంది. ఎందుకందో వామన్‌రావుకు అర్థం కాలేదు. అయినా, "ఔనమ్మా," అన్నాడు.

కాసేపటికి హైందవి పరుగున వచ్చింది. రైల్లో గది దొరికిందట, సాయంత్రమే బండి. పొట్లాలు తీసి, ప్రయాణానికి ముందు పెట్టాల్సిన పూట తూచి, దొరబాబు ముందు పెట్టింది. దొరబాబు వాసన చూసి, తల తిప్పుకుని, మసాలా వాసనతో ఒక తేన్పు తేన్చింది. అది ఎలాంటి తేన్పో వామన్‌రావుకు తెలిసే అవకాశం లేదు. హైందవికి తెలియాల్సింది. కాని ఆమెకు కన్నీళ్లొచ్చాయి.

"చూశారా బాబాయ్ గారూ, బెంగ పెట్టుకున్నాడు. ప్రయాణమని వాడికి తెలిసిపోయింది."

"ఔ బిడ్డా. బెంగనే."

ఇప్పుడు హైందవి ముంబైలో ఫోన్లో వీడియోలు చేస్తోంది. పచ్చిమాంసం తినే కుక్కను రైలెక్కించే ముందు ఒక పూట పస్తుంచాలట. ఆ సంగతి ఏ డాక్టరూ చెప్పలేదట, దొరబాబు లోపలి తోడేలే తనకు నేర్పిందట. వేలమంది చూస్తున్నారు. వాళ్ల కుక్కలు పాపం ఆ పూట పస్తుంటున్నాయి.

తాతారావు మళ్లీ అదే మూల గదిలో దిగుతున్నాడు, ఇప్పుడు బొట్టు ఇంకొంచెం పొడుగ్గా పెట్టుకుని. అంజన్ మాస్టారు గది మారాడు. వామన్‌రావు కౌంటరు వెనక ఉన్నాడు. ఇంట్లో పప్పు ఇంకా మాడుతూనే ఉంది.

ఈ సంగతంతా ఎవరో అడిగితే వామన్‌రావు రిజిస్టరు మూసి, కళ్లజోడు తీసి, తిన్నగా ముఖంలోకి చూశాడు.

"గిదంత ఝూట. కుక్క రాలే. గా పిల్ల ఎవలో నాకు ఎరుకనే లేదు. మా ఫ్రిజ్‌ల పెరుగు తప్ప ఇంకోటి పెట్టినోడు లేడు, మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు లేవు. నా ముక్కుకు ఏ రోగం రాలే. అసొంటిదేం జరగనే లేదు. ఇగ నడువు."